మొదటి ప్రయత్నంలో ఓడిన నాకు పాఠం చెప్పిన ఫుట్‌పాత్: నా ఏఈఈ సివిల్ ప్రిపరేషన్

ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఉద్యోగ పరీక్ష తుది ఎంపిక జాబితాలో నా హాల్‌టికెట్ నంబరు చూసుకుని నాలుగు రోజులైంది. సిలబస్, వెయిటేజీ మీకు తెలిసినవే కనుక, మొదటి ప్రయత్నంలో నన్ను దెబ్బతీసిన కాంక్రీట్ టెక్నాలజీ గురించే రాస్తున్నాను.

అప్పటికి డస్టింగ్, క్రేజింగ్, స్కేలింగ్ అనే కాంక్రీటు ఉపరితల లోపాల నిర్వచనాలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా లక్షణం చెప్పి కారణం అడిగిన ప్రతిచోటా తడబడ్డాను.

ఆ వేసవిలో నా అద్దెగది ఎదురుగా ఒక భవనం ముందు ఫుట్‌పాత్ వేస్తుంటే నిలబడి చూశాను. బ్లీడింగ్ నీరు (తాజా కాంక్రీటు నుంచి పైకి తేలే నీరు) పైన ఇంకా మెరుస్తుండగానే మేస్త్రీ పొడి సిమెంటు చల్లి, తాపీతో నున్నగా రుద్దేశాడు. కాంక్రీటు పనులకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి పొడి వాతావరణంలో 10 రోజులు క్యూరింగ్ చేయాలి, అంటే కాంక్రీటును తడిగా ఉంచాలి. అక్కడ రెండు రోజులకే నీళ్లు చల్లడం ఆపేశారు. రెండు నెలల తర్వాత అరచేత్తో రాస్తే తెల్లటి పిండి అంటుకుంది, తాళంచెవితో గీస్తే గాడి పడింది. అదే డస్టింగ్. విరిగిన అంచు దగ్గర లోపలి కాంక్రీటు మాత్రం గట్టిగానే ఉంది. అంటే లోపం మిక్స్ మొత్తానిది కాదు. నీరు కలిసిపోయి వాటర్-సిమెంట్ నిష్పత్తి పెరిగిన పైపొరది.

మరోచోట చెంబుడు నీళ్లు పోసి ఆరేదాకా ఆగాను. పొడిగా ఉన్నప్పుడు కనిపించని సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు, తడిని పట్టుకుని నల్లగా తేలాయి. అదే క్రేజింగ్, లోతుకు పోదు. పోసిన కొద్ది గంటల్లోనే, దాదాపు సమాంతరంగా, ఎడం ఎడంగా వచ్చేవి ప్లాస్టిక్ ష్రింకేజ్ (గట్టిపడకముందే పైతడి ఆరి కుంచించుకుపోవడం) పగుళ్లు. పొరలుగా ఊడే స్కేలింగ్‌కు ప్రధాన కారణం నీరు గడ్డకట్టి కరగడం, మంచు కరిగించే ఉప్పు. కనుక మన ఎండల్లోని ఫుట్‌పాత్‌కు ఆ కారణం అంటగట్టకండి.

చదువు మానేసి వీధిలో నేల గీకుతున్నాడని తోటివారు అన్నారు. రోజుకు పది గంటలు గదిలోనే చదివిన ఏడాదే నేను తప్పాను కనుక ఆ మాట పట్టించుకోలేదు. క్రమశిక్షణ అంటే గంటలు లెక్కపెట్టుకోవడం కాదు, తప్పిన ప్రశ్న దగ్గరకు రోజూ తిరిగి వెళ్లడం. జనరల్ స్టడీస్‌కు పాత పేపర్లు, మాక్ టెస్టులే సరిపోయాయి. కాంక్రీటు ప్రశ్న ఎదురైతే మాత్రం, ఆప్షన్లు చూడకముందే ఆ లోపం ఎంత లోతుది, పోసిన ఎన్నాళ్లకు బయటపడింది అన్న రెండు సంగతులు పక్కన రాసుకోండి.