సగం యాభై, రెట్టింపు నూరు

పాత కాగితాలు సేకరించే మిత్రుడి ఇంట్లో ఒక హుండీని (గుడిలో పెట్టె కాదు, సొమ్ము చెల్లించమని రాసిన చీటీ) చేతిలోకి తీసుకుని చూశాను. మొఘలుల కాలంలో సూరత్ షరాబు, అంటే డబ్బు మార్పిడి వ్యాపారి, రాసిచ్చిన ఇలాంటి చీటీ ఆగ్రాలో చూపితే చాలు, సొమ్ము ముట్టేది. దొంగల భయంతో మూటలు మోయనక్కర్లేదు. దర్శనీ హుండీకి చూపగానే, ముద్దతీకి గడువు తీరాక చెల్లింపు. నన్ను కట్టిపడేసింది మాత్రం మొత్తాన్ని రాసే తీరు: నూరు రూపాయలు, అందులో సగం యాభై, దానికి రెట్టింపు చెల్లించాలి! అంకె దిద్దాలనుకునే మోసగాడి తిప్పలు ఊహించండి. చీటీ పోతే ‘పేఠ్’, అదీ పోతే ‘పర్‌పేఠ్’ అని నకళ్లు ఉండేవి. సొమ్ము చెల్లించాక అది ‘ఖోఖా’, అంటే చెల్లిపోయిన కాగితం. షరాబులేమీ ధర్మానికి చేయలేదు లెండి, ‘హుండావన్’ పేరిట తమ వాటా పట్టుకునేవారు.