360360 అనే ఒక్క నంబర్‌తో వారం రోజులు

ఫ్రెండ్స్, నంబర్ సిస్టమ్‌లో ఫార్ములాలన్నీ నోటికొచ్చినా మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు కదా, నేనూ చాలాకాలం అలాగే ఉన్నా, అందుకే ఇది రాస్తున్నా.

ఒక మాక్ టెస్ట్‌లో 360360కి మొత్తం ఎన్ని కారణాంకాలు అని అడిగాడు. 2తో మూడుసార్లు, 3తో రెండుసార్లు, 5తో ఒకసారి కొట్టేశా, చివరికి 1001 మిగిలింది. చూడ్డానికి ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది, 2తో పోదు 3తో పోదు 5తో పోదు, ఇంక అక్కడే ఆపేసి ఘాతాలకి ఒక్కొక్కటి కలిపి 4×3×2×2 = 48 అని పెట్టేశా. ఆప్షన్స్‌లో 48 కూడా ఉంది. అసలు జవాబు 192! 1001 అంటే 7×11×13, నేను మూడు ప్రైమ్స్‌ని ఒకటిగా లెక్కేశా, వేయాల్సింది 4×3×2×2×2×2.

ఆ రోజు నుంచి కొత్త బిట్లు ఆపేసి వారం పాటు ఈ నంబర్‌నే పట్టుకున్నా. బేసి కారణాంకాలు ఎన్ని? 2ని పక్కన పెడితే 48 (నా తప్పు జవాబు ఇదే, అలాంటి ఆప్షన్ ఊరికే ఇవ్వరు). మిగతా 144 సరి. మొత్తం 192లో పర్ఫెక్ట్ స్క్వేర్స్ నాలుగే, 1, 4, 9, 36. 360360నే పర్ఫెక్ట్ స్క్వేర్ చేయాలంటే కనీసం 10010తో గుణించాలి, ఎందుకంటే 3కి మాత్రమే జత కుదిరింది, 2, 5, 7, 11, 13లకి ఒక్కోటి తక్కువ.

నాకు బాగా ఉపయోగపడింది మాత్రం 1001. ఏ మూడంకెల నంబర్‌నైనా పక్కపక్కన రెండుసార్లు రాస్తే అది 1001తో పోతుంది, 360360 కూడా అంతే, 360×1001. అలా రిపీట్ కాకపోయినా పర్లేదు, 27342315 తీసుకోండి, కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి 315 − 342 + 27 చేస్తే సున్నా వచ్చింది, అంటే 7, 11, 13 మూడింటితోనూ పోతుంది, పెద్ద భాగహారం అక్కర్లేదు.

ఇంకోటి, 1 నుంచి 15 వరకు అన్నిటి క.సా.గు. ఇదే. కాబట్టి 2 నుంచి 15 వరకు దేనితో భాగించినా శేషం 1 రావాలి, నంబర్ 1 కంటే పెద్దది కావాలి అంటే అలాంటి వాటిలో అతి చిన్నది 360361, అదే 15తో 14, 14తో 13 ఇలా ఒకటి తక్కువ శేషం రావాలంటే అతి చిన్నది 360359. ఈ రెండు మోడల్స్ మధ్య నేను ఎప్పుడూ కన్ఫ్యూజ్ అయ్యేవాణ్ణి, ఈ నంబర్ పక్కన పెట్టుకుని చూశాక మళ్లీ తడబడలేదు.

16 కూడా కలిపితే మళ్లీ మొదటి నుంచి వేయకండి, ఇంకో 2 చాలు, 720720, కారణాంకాలు 240. 17 ప్రైమ్, కాబట్టి 17తో గుణిస్తే 12252240. 18కి ఏమీ మారదు, ఎందుకో ఒకసారి మీరే పేపర్ మీద చూడండి.