వాయిదాల మధ్య మనసు నిలబెట్టుకోవడం: నా గ్రూప్-2 ప్రిపరేషన్ అనుభవాలు

ముందే చెప్పేస్తున్నా, ఇది టాపర్ రాసిన అనుభవం కాదు. తెలంగాణ గ్రూప్-2 ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష జనరల్ ర్యాంకింగ్ లిస్టులో నా పేరు ఉంది, కానీ పోస్టు వచ్చేంత పైన లేదు. ఏ పుస్తకం చదవాలి, ఏ టెస్ట్ సిరీస్ రాయాలి అని చెప్పేవాళ్లకు కొదవ లేదు. నేను రాస్తున్నది చదువు సాగని గంటల గురించి. పుస్తకం తెరిచే ఉంటుంది, పేజీ తిరగదు, గుండెల్లో గుబులు. ప్రిపేరయ్యే ప్రతి ఒక్కరికీ ఆ సాయంత్రాలు తెలుసు.

మా నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, 783 పోస్టులకు. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 తేదీల్లో అన్నారు. తర్వాత నవంబరు 2, 3కు మారింది. ఆ తర్వాత 2024 జనవరి 6, 7. మళ్లీ ఆగస్టు 7, 8. చివరికి డిసెంబరు 15, 16న రాశాం. వాయిదా వేయమని అడిగినవాళ్లూ మాలోనే ఉన్నారు, వద్దన్నవాళ్లూ మాలోనే ఉన్నారు. ఆ పంచాయతీ ఇప్పుడెందుకు? డేట్ మారిన ప్రతిసారీ హాస్టల్లో జరిగేది మాత్రం ఒక్కటే. మొదటి రోజు అందరికీ హాయి, రాత్రి మిర్చి బజ్జీలు, ముచ్చట్లు. రెండో రోజు నుంచి ఏమీ తోచదు. చదువుదామంటే ఊపు రాదు, పక్కన పెడదామంటే నిద్ర పట్టదు. సిలబస్ ఎంత పెద్దదైనా దానికో చివర ఉంటుంది. ఎదురుచూపుకు అది కూడా ఉండదు. మనల్ని ఎక్కువగా కుంగదీసేది అదేనని నా నమ్మకం.

నాకు పనిచేసిన ఉపాయం చాలా చిన్నది. ఆ రోజు మొదలై ఆ రోజే ముగిసే పనులు పెట్టుకోవడం. 'పేపర్-4 పూర్తి చేయాలి' అని (అంటే తెలంగాణ ఉద్యమ చరిత్ర పేపర్) గోడ మీద రాసుకుంటే నెలంతా అది మనల్ని వెక్కిరిస్తూనే ఉంటుంది. 'ఈ పూట ముల్కీ నిబంధనలు', 'సాయంత్రం పెద్దమనుషుల ఒప్పందం, దాని మీద ఇరవై బిట్లు' అని రాసుకుంటే రాత్రికి కొట్టేయొచ్చు. ఆ గీత గీసినప్పుడు వచ్చే తృప్తిని తక్కువగా చూడొద్దు. చదువు అసలే సాగని రోజున బకెట్ నిండా బట్టలు ఉతకండి, జిరాక్స్ కాగితాలన్నీ సబ్జెక్టుల వారీగా సర్దండి. పరీక్ష డేట్ మన చేతుల్లో లేదు, ఆ బకెట్ మన చేతుల్లోనే ఉంది.

'మూడ్ లేదు, వచ్చాక చదువుతా' అనేది మా హాస్టల్లో రోజూ వినిపించే మాట. అలా ఎదురుచూస్తే అది రాదు. ఇష్టం లేకపోయినా పావుగంట కూర్చుంటే చాలాసార్లు అదే వెనకాల వస్తుంది. దిగులుతో ఉన్నవాళ్లకు మానసిక నిపుణులు చేయించే చికిత్సల్లో కూడా ఈ పద్ధతి ఉంది: ముందు చిన్న పని, ఉత్సాహం తర్వాత. అయితే పావుగంట దాటినా కుదరకపోతే లేచి వెళ్లండి. కుర్చీకి అతుక్కుపోయి మనల్ని మనం తిట్టుకోవడాన్ని చదువు లెక్కలో వేయకూడదు.

ఇక ఆలోచనల సంగతి. హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో సీటు దొరికాక, సరిగ్గా ఎకానమీ పుస్తకం తెరిచినప్పుడే 'ఈసారీ రాకపోతే?' అని మొదలవుతుంది. ఆపాలని చూస్తే ఇంకా పెరుగుతుంది. నేను రఫ్ పుస్తకం చివరి పేజీలో ఆ మాట రాసేసి, 'ఆరున్నరకు చూద్దాం' అనుకుని మళ్లీ పాఠంలోకి వెళ్లేదాన్ని. ఆరున్నరకు నిజంగానే ఆ పేజీ తీసి చూసేదాన్ని, అది ముఖ్యం. లేకపోతే రెండో రోజుకే మనసు మన మాట నమ్మడం మానేస్తుంది. రాసినవాటిలో కొన్ని పనికొచ్చే భయాలు ఉంటాయి. 'బడ్జెట్ అంకెలు గుర్తుండటం లేదు' అన్నదానికి మందు ఉంది, రేపటి పనిలో వేసుకోవాలి. 'మళ్లీ వాయిదా వేస్తే?' అన్నదానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. దాన్ని అక్కడే వదిలేయాలి. వదిలేస్తే పోతుందా? పోదు. కానీ రోజంతా కాకుండా ఆ అరగంటకే పరిమితం అవుతుంది, అది చాలు.

టెలిగ్రామ్ గ్రూపుల గురించి నాకు మొహమాటం లేదు, బయటికి వచ్చేయండి. 'నమ్మదగిన సమాచారం' అంటూ రాత్రి పదకొండింటికి పెట్టే మెసేజ్ ఎవరిని ఉద్ధరించిందో నాకు తెలియదు. పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్ రోజుకు ఒకసారి చూస్తే సరిపోతుంది. అసలైన వార్త ఉంటే పక్క మంచం అమ్మాయి ఎలాగూ అరిచి చెప్తుంది.

సాయంత్రాలు ఇందిరా పార్కులో నడిచేవాళ్లం, నేనూ నా రూమ్మేటూ. మాకు ఒకే షరతు: పార్కు గేటు లోపల కటాఫ్ మాట ఎత్తకూడదు, ఎత్తినవాళ్లే చాయ్ డబ్బులు ఇవ్వాలి. మొదట్లో నేనే ఎక్కువ ఇచ్చాను. నడకతో ఒళ్లు అలసి రాత్రి నిద్ర బాగా పట్టేది. చాయ్ అంటే గుర్తొచ్చింది. అందులోని కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి అల్లం చాయ్ తాగి, ఒంటిగంటకు పైకప్పు చూస్తూ 'టెన్షన్‌తో నిద్ర రావట్లేదు' అనుకునేవాళ్లు మాలో చాలామంది. సాయంత్రం తర్వాత చాయ్ మానేసి చూడండి, ఎంత టెన్షనో ఎంత చాయో తేలిపోతుంది.

ఇంటి ఫోన్లు వేరే కథ. బతుకమ్మకు ఊరికి వెళ్తే వాకిట్లో అడుగు పెట్టకముందే 'ఏం బిడ్డా, పరీక్ష ఎప్పుడట?' అంటారు. ప్రేమతోనే అడుగుతారు, అందుకే ఇంకా కష్టం. చివరికి అమ్మతో నెమ్మదిగా చెప్పాను, 'పరీక్ష ముచ్చట ఉంటే నేనే ఫోన్ చేసి చెప్త, నువ్వు అడగకు' అని. కాసేపు అలిగింది. తర్వాత మా ఫోన్లలోకి వరి కోతలు, బర్రె ఈనడం, మేనమామ కూతురి పెళ్లి తిరిగి వచ్చాయి. ఆ పది నిమిషాలు నేను అభ్యర్థిని కాదు, ఆ ఇంటి పిల్లను. మీకూ అలాంటి మనిషి ఒకరైనా ఉండాలి, ప్రిపరేషన్‌తో ఏ సంబంధం లేని మనిషి.

ఇవన్నీ మామూలు దిగులుకు. రెండు వారాలైనా మనసు తేలికపడకపోతే, తిండీ నిద్రా పాడైతే, ఇష్టమైనవి కూడా చేదుగా అనిపిస్తే నడకలూ నోట్ పుస్తకాలూ చాలవు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. పక్కనున్న మనిషికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఊరి పేరును మనం ఎగతాళికి వాడుకుని, అవసరమైనప్పుడు అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడేలా చేసుకున్నాం. మా హాస్టల్ అక్క ఒకరు డాక్టర్‌కు చూపించుకుని, మందులు వాడుతూనే పరీక్ష రాసింది. ఎవరికీ ఆమెలో వింత ఏమీ కనిపించలేదు.

పరీక్ష రోజు గురించి ఒకటి రెండు మాటలు. ఓఎంఆర్ జవాబు పత్రం చేతికి వచ్చేటప్పుడు వేళ్లు వణికితే, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఇంట్లో అలవాటు చేసుకుంటేనే అక్కడ గుర్తొస్తుంది. అన్నిటికంటే ప్రమాదం రెండు పేపర్ల మధ్య ఖాళీ. పేపర్-1 అయ్యాక సెంటర్ బయట చెట్టు కింద కీ తయారు చేసే బ్యాచ్ ఒకటి కచ్చితంగా ఉంటుంది, వాళ్లకు దూరంగా కూర్చుని పెరుగన్నం తినండి. గేటు దగ్గర లైన్లో ఎవరైనా 'ఆ ప్రశ్నకు ఏం పెట్టావ్?' అని అడిగితే 'గుర్తులేదు' అనండి. అబద్ధమే, ఏం ఫర్వాలేదు.