నూరువరహాల మొక్కా, మా బోరు నీళ్లూ

మా వీధిలో గేటు పక్కన నూరువరహాల మొక్క లేని ఇల్లు దాదాపు లేదు. వాటిలో చాలావాటికి చిగుళ్లు పాలిపోయి పసుపు రంగుకి తిరిగి ఉంటాయి. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. "బలం చాలడం లేదు" అని ఎవరో అంటారు, మొక్క మొదలు దగ్గర గుప్పెడు యూరియా పడుతుంది. మొక్క మాత్రం అలాగే ఉంటుంది. హైదరాబాద్‌లో బోరు నీళ్లతో ఈ మొక్క పెంచేవాళ్లకి గట్టిగా చెప్పాలనుకుంటున్నాను: ముందు ఇనుము సంగతి చూడండి, ఎరువు మాట తర్వాత.

ఒక కొమ్మ వంచి చూడండి. చివరి లేతాకు పసుపుగా ఉండి, ఈనెలు మాత్రం సన్నటి గీతల్లా పచ్చగా మిగిలాయా? అదే కొమ్మకి కింది ముదురాకులు నిగనిగలాడుతున్నాయా? అయితే అది ఇనుము లోపమే. పాత ఆకులో ఉన్న ఇనుము కొత్త ఆకుకి కదిలిరాదు, అందుకే దెబ్బ చిగురుకి తగులుతుంది. నత్రజని తక్కువైతే కింది ముదురాకులే ముందు పండుతాయి.

మట్టిలో ఇనుము ఉండొచ్చు, వేరుకి అందడం లేదంతే. నూరువరహాలకి కాస్త ఆమ్ల గుణమున్న నేల కావాలి. కేరళలో ఎర్ర లాటరైట్ మట్టిలో, ఆ వానల్లో ఇది విరగబూస్తుంది. అక్కడ దీన్ని మలయాళంలో "తెచ్చి" అంటారు, గుళ్లలో పూజకి వాడతారు. మన బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. కుండీ అంచున తెల్లగా పేరుకునే పొర అదే. మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటిందంటే ఇనుము కరగని రూపంలోకి మారిపోతుంది. ప్రహరీ గోడ వారన నాటితే మరీ కష్టం, కట్టినప్పుడు రాలిన సిమెంటంతా ఆ మట్టిలోనే ఉంటుంది.

మా ఇంట్లో మేడ మీది వాన నీళ్లు డ్రమ్ములో, ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టి ఈ మొక్కలకే పోస్తాను. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి, బోరులోని ఉప్పంతా అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. బూడిద, గుడ్డు పెంకులు కూడా దీనికి వద్దు. రెండూ క్షారగుణం పెంచేవే.

పసుపెక్కిన చిగురుకి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుము లవణం) పిచికారీ చేయాలి. ఎరువుల షాపుల్లో దొరుకుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ముందు నిమ్మ ఉప్పు కరిగాకే అన్నభేది వేయాలి. మంచి అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉంటుంది. డబ్బా మూత వదులైతే గాలి తగిలి తుప్పు రంగుకి మారుతుంది, అది ఇక పనిచేయదు. కలిపిన నీళ్లు కూడా నిలవుండవు, ఏ పూటకాపూట కలుపుకోవాలి. సాయంత్రం చల్లబడ్డాక ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టండి. గచ్చు మీద పడితే ఆ మరక ఒక పట్టాన వదలదు, కింద పాత గోనె పరచండి. వారం, పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొడితే ఆకులో పచ్చదనం తిరిగొస్తుంది. ఆ ఆకుని రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తాను, అంత సంతోషం నాకు.

అయితే పిచికారీ తడిసిన ఆకునే బాగుచేస్తుంది. నీళ్లు మార్చకపోతే తర్వాతి చిగురు మళ్లీ పసుపే. మట్టిలో వేయదలిస్తే ఈడీడీహెచ్ఏ రకం చెలేటెడ్ ఇనుము (మట్టిలో కరగని రూపంలోకి మారకుండా పట్టి ఉంచేది) అడగండి. ధర ఎక్కువే, కానీ చవకగా దొరికే ఈడీటీఏ రకం ఇలాంటి మట్టిలో నిలవదు.

కత్తిరింపు గురించి ఒక్క మాట. గుత్తి ఎప్పుడూ కొమ్మ చివరే వస్తుంది. కంచెలా చదునుగా కత్తిరిస్తే సూదిమొగ్గలన్నీ కత్తెరకే పోతాయి. పూలు వాడి రాలాక, గుత్తి కింద రెండు జతల ఆకుల దాకా తీస్తే చాలు. అక్కడినుంచి కొత్త కొమ్మలు పుడతాయి.

పక్కింటి వదినగారు తన మొక్క పీకేసి వేరేది పెడదామన్నారు. వద్దన్నాను. ముందు ఆ చిగుళ్లకి అన్నభేది కొడదామని చెప్పాను. తొలకరి పడగానే మా ఎర్ర నూరువరహాల నుంచి సగం ముదిరిన కొమ్మలు జానెడు పొడవున కోసి ఆవిడకి కూడా నాటిపెడతాను. ఈసారి గోడకి బాగా ఎడంగా.