గుర్తుపట్టీ పట్టనట్టు

కెమెరా లేకుండా ఫోటో, అంటే ఫోటోగ్రామ్, అనగానే చాలామంది ఆకుతో మొదలుపెడతారు. ఫోటో కాగితం మీద ఆకు పెట్టి, లైటు వేసి, డెవలప్ చేస్తే నల్లటి నేపథ్యంలో తెల్లటి ఆకు వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆకు ఆకులాగే కనిపించడానికి నేను అర్ధరాత్రి బాత్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని కూర్చోవడం ఎందుకు? 1843లో సముద్రపు నాచు చిత్రాలు ముద్రించడం మొదలుపెట్టిన ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్‌కి ఆ అవసరం ఉంది. ఏ నాచు ఏదో చూసేవాళ్లకు తెలియాలి కాబట్టి ఆమె సయనోటైపు అనే నీలిరంగు ముద్రణ పద్ధతి వాడింది. నాకు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చూసినవాళ్లు 'ఇదేదో తెలిసిన వస్తువే' అనుకోవాలి, పేరు మాత్రం నోటికి రాకూడదు.

ఈ పిచ్చి నాకు అమెరికన్ కళాకారుడు మ్యాన్ రే చిత్రాలతో పట్టింది. ఆయన 1921లో పారిస్ చేరాడు. ఆ తర్వాత ఒక రాత్రి ప్రింట్లు వేస్తుంటే, ఎక్స్‌పోజ్ చేయని, అంటే ఇంకా వెలుగు సోకని, కాగితం ఒకటి డెవలపర్ (బొమ్మను తేల్చే రసాయనం) ట్రేలో పడింది. తడిసిన ఆ కాగితం మీద చేతికందిన గాజు గరాటు, కొలగ్లాసు, థర్మామీటర్ పెట్టి లైటు వేశానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. కళ్లముందే బొమ్మ తేలింది. వాటికి తన పేరుతోనే రేయోగ్రాఫులని పేరు పెట్టుకుని, 1922లో పన్నెండింటిని ఆల్బమ్‌గా తెచ్చాడు. ముందుమాట దాదా కవి ట్రిస్టన్ జారా రాశాడు. ఈ చిత్రాలన్నిటినీ మనం కలలకూ అచేతనకూ పెద్దపీట వేసిన సర్రియలిజం ఖాతాలో వేస్తాం గానీ, ఆ ఉద్యమాన్ని ప్రకటించిన ఆంద్రే బ్రెటన్ మేనిఫెస్టో వచ్చింది 1924లో. ఈ చిత్రాలు వచ్చేనాటికి నడుస్తున్నది కళ నియమాలనే వెక్కిరించిన దాదా ఉద్యమం గోల. అంతకంటే ముందే, 1919లో, జెనీవాలో జర్మన్ చిత్రకారుడు క్రిస్టియన్ షాడ్ చిత్తుకాగితాలూ గుడ్డముక్కలూ ఫోటో కాగితం మీద పేర్చి ఎండలో బొమ్మలు చేశాడు. మ్యాన్ రేకి వచ్చినంత పేరు ఆయనకు రాలేదు.

ఆ రాత్రి మ్యాన్ రే చేతికి అందినవి చూడండి, అన్నీ గాజువే. కథంతా అక్కడే ఉందని నా నమ్మకం. తాళంచెవి, కత్తెర లాంటివి వెలుగును పూర్తిగా ఆపేస్తాయి కాబట్టి వాటికి అంచు తప్ప ఇంకేమీ మిగలదు. గాజు అలా కాదు. ఒకచోట వెలుగును వంచుతుంది, ఒకచోట పోగుచేస్తుంది, మందంగా ఉన్నచోట కొంత మింగేస్తుంది. ఒక భూతద్దాన్ని కాగితానికి కొంచెం పైన వాలుగా నిలబెడితే చుట్టూ బూడిదరంగు, మధ్యలో నల్లటి చుక్క, ఆ చుక్కకు తోకలాంటి గీత వస్తాయి. దాన్ని చూసి భూతద్దం అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. మా తమ్ముడైతే ఆరుతున్న కాగితాన్ని ఎత్తి పట్టుకుని, "అక్కా, ఎవరి ఎక్స్‌రే ఇది?" అన్నాడు. నవ్వాను గానీ వాడన్నది తప్పేం కాదు. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా పడేదీ ఇందులో వస్తువు తెల్లగా పడేదీ ఒకే కారణంతో. కిరణం తగలనిచోట నలుపు రాదు.

ఇక నేను ఎక్కువ సమయం పెట్టేది ఎత్తు మీద. కాగితానికి ఆనించిన వస్తువు అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది. అదే వస్తువును పైకి లేపితే అంచు చెదిరిపోతుంది. ఎంత చెదురుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. లైటు వెడల్పును వస్తువుకూ కాగితానికీ మధ్య దూరంతో హెచ్చించి, లైటుకూ వస్తువుకూ మధ్య దూరంతో భాగిస్తే చాలు. 5 సెంటీమీటర్ల బల్బు వస్తువుకు సరిగ్గా మీటరు ఎత్తులో ఉండి, వస్తువు కాగితానికి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అంచు 5 మిల్లీమీటర్లు పొగలా పరుచుకుంటుంది. బల్బు బదులు టార్చికి నల్లకాగితం అంటించి 2 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే ఆ పొగ 0.2 మిల్లీమీటర్లకు పడిపోతుంది, అంటే కంటికి దాదాపు ఆనదు. అందుకే నా దగ్గర రెండు లైట్లూ ఉంటాయి. అగ్గిపెట్టెలు దొంతరగా పేర్చి, వాటి మీద గాజుపలక పెట్టి, దాని మీద కొన్ని వస్తువులూ కింద కాగితం మీద కొన్నీ పెడతాను. అప్పుడు ఒకే బొమ్మలో ఒక స్ప్రింగు పదునుగా, దాని వెనక దువ్వెన పళ్లు మంచులో ఉన్నట్టుగా వస్తాయి. లోతు లేనిచోట లోతు పుడుతుంది.

రెండో పని ఎక్స్‌పోజర్‌ను ముక్కలు చేయడం. నా టార్చికి నిండు నలుపు రావడానికి ఎనిమిది సెకన్లు కావాలి. అదంతా ఒకేసారి ఇవ్వను. మూడు సెకన్లు ఇచ్చి, లైటు ఆపి, దువ్వెన తీసేసి ఉన్ని దారం పడేస్తాను. దాన్ని వేళ్లతో సర్దను, ఎలా పడితే అలాగే ఉంచుతాను. తర్వాత మిగతా అయిదు సెకన్లు. దువ్వెన ఉన్నచోటుకి అయిదు సెకన్ల వెలుగే అందింది కాబట్టి అది ముదురు బూడిదరంగులో నిలుస్తుంది. దారం కింద మూడు సెకన్లే, అందుకని లేత బూడిద. రెండూ ఒకదాని మీద ఒకటి పడినచోట మాత్రమే అసలైన తెలుపు. అంటే బొమ్మలో అన్నిటికంటే వెలిగిపోయే చోటు ఏ ఒక్క వస్తువుదీ కాదు. 1922 నాటి మ్యాన్ రే 'ముద్దు' చిత్రంలోనూ ఇదే పద్ధతి. చేతుల నీడలు, వాటి మీద ముద్దుపెట్టుకుంటున్న రెండు తలలు, వాటినీ దాటుకుంటూ డార్క్‌రూమ్ ట్రేలు. ఆ తలల్లో ఒకటి ఆయనది, రెండోది ఆయన ప్రియురాలు, మోడల్ కికిది. ఆ చిత్రంలో ఏది ముందు పడింది, ఏది తర్వాత పడింది అని నేను ఇప్పటికీ వేలితో గీసుకుంటూ లెక్కపెడతాను.

మిగతా పని మామూలే. డెవలపర్, దాని పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే ఫిక్సర్, తర్వాత నీళ్లు. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది కాబట్టి దాన్ని సింకులో పోయకూడదు, విడిగా డబ్బాలో పెట్టుకోవాలి. చీకట్లో కాగితం పాడవకుండా పని చేసుకోవడానికి వెలిగించుకునే ఎర్రబల్బు కొత్తదైతే ముందు పరీక్షించండి. ఫోటో కాగితం మీద నాణెం పెట్టి ఆ ఎర్రవెలుగులోనే అయిదు నిమిషాలు ఉంచి డెవలప్ చేస్తే, నాణెం గుండ్రం కనిపించకూడదు. కనిపించిందంటే ఆ బల్బు దీనికి పనికిరాదు.

నలుపు తెలుపులను తిరగేసి చూడొచ్చు కదా అని అడుగుతుంటారు. చేయొచ్చు. ఆరిన ఫోటోగ్రామ్‌ను కొత్త కాగితం మీద బోర్లా పెట్టి, పైన గాజుపలకతో నొక్కి, వెలుగిస్తే నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. నేనూ చేసి చూశాను, నాకు నచ్చలేదు. వస్తువు నల్లగా మారగానే అది గోడ మీద పడే మామూలు నీడైపోతుంది, కన్ను వెంటనే దానికి పేరు పెట్టేస్తుంది. నీడ తెల్లగా ఉన్నంతసేపే కన్ను తడబడుతుంది.

ప్రస్తుతం బల్ల మీద తమ్ముడి పాత కళ్లజోడు ఉంది, ఒక అద్దం పగిలింది. రెండు కళ్లూ కనిపిస్తే ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. అందుకని పగిలిన అద్దాన్ని కాగితానికి ఆనించి, రెండోదాన్ని నాలుగు అగ్గిపెట్టెల ఎత్తుకు లేపి, చిన్న రంధ్రం టార్చితో రెండు సెకన్లు, పెద్ద బల్బుతో మిగతాది ఇవ్వాలనుకుంటున్నాను. పెద్ద బల్బుకి ఎన్ని సెకన్లు పడుతుందో ముందు ఒక కాగితం పట్టీ మీద తేల్చుకోవాలి.