తమ్ముడి కోసం పెట్టిన అర్జీ

"సొంత తమ్ముడి మీదే కేసు పెట్టిందట" అని బంధువుల్లో పాకిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అది కేసు కాదు. వాడిని డాక్టర్లు పరీక్షించేలా ఉత్తర్వు ఇవ్వమని మేజిస్ట్రేట్‌కు పెట్టుకున్న అర్జీ.

అన్నంలో ఏదో కలుపుతున్నామని వాడు ఇంట్లో తినడం మానేశాడు. గది తలుపు తీయడు. ఆసుపత్రి మాటెత్తితే చాలు, "నన్ను ఎర్రగడ్డకి పంపిస్తావా అక్కా?" అని అరుపులు.

పాత 1987 చట్టంలోలాగా ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లతో రిసెప్షన్ ఆర్డర్ (ఆసుపత్రిలో చేర్చమనే కోర్టు ఉత్తర్వు) అడిగే పద్ధతి ఇప్పుడు లేదని లాయర్ గారు చెప్పారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 102వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ అసెస్‌మెంట్ కోసం ఆసుపత్రిలో ఉంచమనవచ్చు, అదీ 10 రోజులకు మించకుండా. కోర్టుకెళ్లక్కర్లేని దారీ ఉంది. 89వ సెక్షన్ కింద నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున వ్యవహరించే మనిషి) దరఖాస్తు చేస్తే, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి, అవసరమనుకుంటే చేర్చుకుంటారు. కానీ గడప దాటని మనిషిని అక్కడిదాకా తీసుకెళ్లేదెవరు? పోలీసులేమో ఇంటి గొడవ, మీరే చూసుకోండన్నారు.

అన్నిటికంటే కష్టం ఆ అర్జీ రాయడమే. వాడు ఎప్పుడేం అన్నాడో, ఏం విసిరాడో తారీఖులతో సహా కాగితం మీద పెట్టాలి. చిన్నప్పుడు వాడి మీద చాడీలు చెబితే నాన్న నన్నే తిట్టేవారు. ఈసారి పక్కన కూర్చుని మర్చిపోయినవి ఆయనే గుర్తుచేశారు.

ఇప్పుడు మందులు వాడుతున్నాడు. నాతో ముభావంగానే ఉంటాడు, ఉండనీ. ఏమైనా అడగాలనుంటే నాకు ఫోన్ చేయండి. వాడికి మాత్రం చేయకండి.