జాబితాలో మాస్కో పేరు

అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య ఏటా జూన్ ప్రాంతంలో, మంచు మీద సంగీతానికి తగ్గట్టు ఆడే ఫిగర్ స్కేటింగ్‌లో గ్రాండ్ ప్రి పోటీల కేటాయింపుల జాబితాను ప్రకటిస్తుంది. అక్టోబరు నుంచి నవంబరు చివరి వరకు వరుసగా జరిగే ఆరు పోటీల్లో ఏ స్కేటర్ ఏ దేశంలో మంచు మీదికి దిగుతారో అందులో ఉంటుంది. విశాఖపట్నంలో ఈ ఆటను క్రమం తప్పకుండా చూసేవాళ్లం కొద్దిమందిమే అయినా, ఆ జాబితా వచ్చిన వారంలోనే సిరిపురం దగ్గర ఎక్కడో ఒకచోట కూర్చుని, ఎవరికి ఎవరు ఎదురుపడ్డారు, ఎవరికి రెండు పోటీల మధ్య విరామం దొరికింది, ఎవరికి దొరకలేదు అని పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటాం. 2022 నుంచి ఆ ఆరింటిలో రష్యా పోటీ లేదు. అంతర్జాతీయ జాబితాలో లేని రష్యాకు స్కేటింగ్ చూడడానికి వెళ్లవచ్చా, వెళ్లినా చూడదగినది ఏమి మిగిలింది అన్న ప్రశ్న మీద మాలో చాలా కాలంగా వాదం నడుస్తోంది. ఆ విషయంలో నా అభిప్రాయాన్ని కారణాలతో సహా రాయాలనిపించింది.

ముందుగా ఈ కేటాయింపు ఎలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే ప్రయాణం పెట్టుకోదలచినవారికి ఆ పద్ధతి తెలియడం చాలా అవసరం. గత ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవారిని ఒకే పోటీలో కలపరు. నాలుగు నుంచి ఆరు స్థానాల వారిని కూడా అలాగే విడివిడిగా ఉంచుతారు. ప్రపంచ ర్యాంకింగులోనో, గత సీజన్ అత్యుత్తమ స్కోర్ల పట్టికలోనో మొదటి 24 మందిలో ఉన్నవారికి ఆహ్వానం అందే అవకాశం ఉంటుంది. సింగిల్స్‌లో ఒక్కో పోటీకి 12 మంది ఉంటారు. అందులో మూడు స్థానాల వరకు ఆతిథ్య దేశం తన స్కేటర్లకు ఇచ్చుకోవచ్చు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా రెండు పోటీలే. మొదటి స్థానానికి 15, రెండో దానికి 13, తరువాత 11, 9, 7, 5, 4, 3 చొప్పున పాయింట్లు ఇచ్చి, మొత్తం మీద పైన నిలిచిన ఆరుగురిని ఫైనల్‌కు పిలుస్తారు. కాబట్టి ఒక బలమైన స్కేటర్ బలమైన పోటీలో పడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంటే, అంతకంటే తక్కువ స్కోరు చేసిన మరొకరు తేలికైన పోటీలో పతకం గెలిచి ఫైనల్‌కు వెళ్లిపోవడం కద్దు. జాబితా వచ్చిన రోజే సీజన్ సగం తేలిపోయిందని మాలో కొందరు అనేది ఇందుకే, అయితే ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి కారణం జపాను స్కేటర్ యుజురు హాన్యు. 2017లో ఆయనకు మాస్కో, ఒసాకా పోటీలు పడ్డాయి. సొంత దేశంలో జరిగే పోటీనే అసలైనదని చాలామంది అభిమానులు ఒసాకా టికెట్ల కోసం ప్రయత్నించారు. అక్టోబరులో మాస్కోలో ఆయన అమెరికా స్కేటర్ నేథన్ చెన్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు, కానీ పోటీలో గాలిలో నాలుగు చుట్లు తిరిగే క్వాడ్ జంప్‌లలో ఒకటైన క్వాడ్ లట్జ్‌ను మొట్టమొదటిసారి అక్కడే నిలబెట్టారు. నవంబరులో ఒసాకా ప్రాక్టీసులో అదే జంప్ చేస్తూ పడి, గాయంతో పోటీ నుంచే తప్పుకున్నారు. జాబితాలో రెండు పేర్లు పక్కపక్కనే ఉన్నా, ఆ ఏడాది గ్రాండ్ ప్రిలో ఆయనను చూడగలిగినవారు మాస్కోకు వెళ్లినవారే.

ఆ పాఠంతోనే నేను మరుసటి ఏడాది జాబితాలో హాన్యు పేరు ఎదుట మళ్లీ మాస్కో కనిపించగానే అక్కడికే వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఇంట్లో పెద్దగా అభ్యంతరం రాలేదు. ఒక ఆడపిల్ల ఒంటరిగా నవంబరు చలిలో విదేశానికి, అదీ మంచు మీద ఆట చూడడానికి వెళ్తానంటే మరో ఊళ్లో ఏమనేవారో గానీ, విశాఖలో రష్యా అంత కొత్త ఊరు కాదు. ఉక్కు కర్మాగారాన్ని సోవియట్ సహకారంతో కట్టారు. మా మావయ్య ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో సోవియట్ ఇంజనీర్ల పక్కన పనిచేశారు. బీచ్ రోడ్డు మీద ప్రదర్శనగా ఉన్న కురుసుర జలాంతర్గామి 1969లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని రిగాలో మన నౌకాదళంలోకి వచ్చినది. దానికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం కూడా సోవియట్ తయారీదే. విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొనుక్కున్న తరం మా అమ్మానాన్నలది. మావయ్య అయితే వీసా వచ్చిందనగానే తనకు గుర్తున్న పది పన్నెండు రష్యన్ మాటలను కాగితం మీద తెలుగు లిపిలో రాసి ఇచ్చారు.

వీసా మాత్రం అప్పట్లో సులభంగా రాలేదు. బస ఏర్పాటు చేసేవారి నుంచి ఆహ్వాన పత్రం తెప్పించుకోవాలి, పాస్‌పోర్టును పంపి దాని కోసం ఎదురుచూడాలి. అన్నీ పూర్తయ్యేసరికి పోటీ దగ్గరపడింది.

మాస్కోలో మెగాస్పోర్ట్ ప్రాంగణంలో నవంబరు 16న హాన్యు, పోటీలో మొదటి భాగమైన షార్ట్ ప్రోగ్రామ్‌లో 110.53 పాయింట్లు సాధించారు. కొత్త స్కోరింగ్ విధానంలో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. మరునాటి ఉదయం ప్రాక్టీసులో క్వాడ్ లూప్ ప్రయత్నించి పడ్డారు. కుడి చీలమండ పట్టుకుని కొంచెంసేపు మంచు మీదే ఉండి, ప్రాక్టీసు ముగియకముందే లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు స్టాండ్లలో నా చుట్టూ జపాను నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరూ సాయంత్రం వరకు గట్టిగా మాట్లాడుకోలేదు. ఆ సీజన్‌లో తన ఫ్రీ స్కేట్‌ను, అంటే పోటీలోని రెండో, పొడవైన ప్రదర్శనను, ఆయన చిన్ననాటి నుంచి ఆరాధించిన రష్యన్ స్కేటర్ ఎవ్గేనీ ప్లుషెంకోకు నివాళిగా, ప్లుషెంకో తన ప్రసిద్ధ ప్రోగ్రామ్‌కు వాడుకున్న సంగీతం మీద కూర్చుకున్నారు. ప్లుషెంకో దేశంలో, రష్యన్ ప్రేక్షకుల ముందు, ఆ ప్రోగ్రామ్‌ను వదులుకోవడానికి ఆయన ఇష్టపడలేదు. నొప్పి తగ్గించే మందుతో, కొన్ని జంప్‌లను అప్పటికప్పుడు మార్చుకుని, మొత్తం 278.42 పాయింట్లతో గెలిచి, పతకాల ప్రదానానికి ఊతకర్రలతో వచ్చారు. తరువాత వాంకూవర్‌లో జరగవలసిన ఫైనల్‌కు ఆయన వెళ్లలేకపోయారు.

ఆ సాయంత్రం నాకు ఎందుకింత ముఖ్యమో ఆలోచిస్తే, హాన్యు గెలుపు ఒక్కటే కారణంగా కనబడదు. ఆయన ఆరాధించిన గురుతుల్యుడి దేశానికి జాబితా ఆయనను పంపింది. అక్కడి ప్రేక్షకులు తమ సొంత స్కేటర్లు పోటీలో ఉండగానే లేచి నిలబడి ఒక జపాను స్కేటర్‌కు చప్పట్లు కొట్టారు. అభిమానులు విసరగా మంచు మీద పడిన బొమ్మల వానను ఏరడానికి అక్కడి చిన్నపిల్లలు పరుగులు పెట్టారు. 1896లో మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ నలుగురు పోటీదారులతో జరిగిన సెయింట్ పీటర్స్‌బర్గ్ ఉన్న దేశం, 1964 నుంచి 2006 వరకు ప్రతి ఒలింపిక్స్‌లోనూ పెయిర్స్ (జంటల విభాగం) స్వర్ణాన్ని వదలని సంప్రదాయం ఉన్న దేశం, బయటివారి ప్రతిభను అంత సూక్ష్మంగా చూడగలదని నేను స్టాండ్లలో కూర్చుని తెలుసుకున్నాను. 2011లో భూకంపం వల్ల టోక్యో నుంచి తరలిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను కొద్ది వారాల వ్యవధిలో నిర్వహించింది కూడా మాస్కోయే. అప్పుడు మహిళల స్వర్ణం జపానుకు చెందిన మికి ఆందోకు దక్కింది.

రష్యా గ్రాండ్ ప్రి పోటీ చివరిసారి 2021 నవంబరులో సోచిలో జరిగింది. రష్యాకు చెందిన పదిహేనేళ్ల కమిలా వలియెవా 272.71 పాయింట్లతో ప్రపంచ రికార్డు సృష్టించింది. ఆమె పక్కన రెండో స్థానంలో 2015 ప్రపంచ చాంపియన్ ఎలిజావెటా తుక్తమిషెవా, ఇరవై నాలుగేళ్ల వయసులో, నిలబడింది. దాని తరువాత నెల తిరగకుండా వలియెవా నుంచి డోపింగ్ పరీక్షకు సేకరించగా నిషిద్ధ మందు బయటపడిన నమూనా ఆమె జీవితాన్ని ఎలా మార్చిందో అందరికీ తెలుసు. 2022 మార్చి 1న, ఉక్రెయిన్ మీద దాడి కారణంగా, రష్యా, బెలారూస్ స్కేటర్లను సమాఖ్య అంతర్జాతీయ పోటీల నుంచి నిషేధించింది. ఆ శరదృతువులో రష్యా పోటీకి బదులు ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పోటీ జరిగింది. 2025లో బీజింగ్‌లో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీకి ఒక్కో విభాగంలో ఒకరిని, దేశం పేరు లేని తటస్థ హోదాలో, అనుమతించడంతో అదెలియా పెత్రోస్యాన్, ప్యోతర్ గుమెన్నిక్ మిలాన్ ఒలింపిక్స్‌కు అర్హత పొందారు. 2025–26 గ్రాండ్ ప్రి జాబితాలో మాత్రం రష్యా పేర్లూ లేవు, రష్యా నగరమూ లేదు.

విచిత్రంగా, ప్రయాణం ఇప్పుడే సులభమైంది. 2023 ఆగస్టు 1 నుంచి భారతీయులకు ఈ-వీసా ఉంది. ఆహ్వాన పత్రం అక్కరలేదు, సాధారణంగా నాలుగు రోజుల్లో వస్తుంది; మొదట 16 రోజులే ఉండనిచ్చేవారు, 2025 ఆగస్టు నుంచి 30 రోజుల వరకు ఉండనిస్తున్నారు. పోటీల విషయానికి వస్తే, రష్యన్లు తమలో తాము దేశీయ గ్రాండ్ ప్రి నడుపుకుంటున్నారు. మాగ్నితోగోర్స్క్, కజాన్, క్రస్నొయార్స్క్ వంటి నగరాల్లో దశలు జరుగుతున్నాయి. మాగ్నితోగోర్స్క్ ఉక్కు నగరమని తెలిసినప్పటి నుంచి మావయ్య నన్ను అక్కడికే వెళ్లమంటున్నారు.

నేను వెళ్లదలచుకోలేదు. ఆ దేశానికి వెళ్లడమే తప్పని అనేవారి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. యుద్ధంలో సొంత ఊళ్లు వదిలిన ఉక్రెయిన్ స్కేటర్లు అదే గ్రాండ్ ప్రి జాబితాలో ఉన్నారు. వారిని చూస్తూ దాని గురించి ఆలోచించకుండా ఉండలేం. అయినా నా నిర్ణయానికి మూలం ఆటలోనే ఉంది. దేశీయ పోటీలో ఎవరు ఏ దశలో ఆడాలన్నది ఒకే సమాఖ్య నిర్ణయిస్తుంది, అందరూ ఒకరినొకరు ఎరిగినవారే, తీర్పు చెప్పేవారూ ఆ దేశం వారే. అంతర్జాతీయ పోటీలతో పోల్చలేని స్కోర్లు వస్తాయి. మాస్కోలో నేను చూసినది వేర్వేరు శిక్షణా సంప్రదాయాలు ఎదురెదురుగా నిలవడం. అది లేని పోటీని తెరమీద చూస్తే చాలని, దాని కోసం సముద్రాలు దాటనక్కరలేదని నా భావన.

మా బృందంలో అందరికంటే చిన్నది, ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి, దీనికి గట్టిగా అడ్డు చెప్పింది. "అక్కా, మీరు జాబితా కోసం ఎన్నేళ్లయినా ఆగగలరు, ఆ అమ్మాయిలు ఆగలేరు కదా" అంది. ఈ మాటకు నా దగ్గర సంతృప్తికరమైన జవాబు లేదు. సీనియర్ స్థాయికి కనీస వయసును సమాఖ్య దశలవారీగా పెంచి 2024–25 నుంచి 17 చేసింది; రష్యాలో క్వాడ్‌లు చేసే బాలికలు ఎందరో ఆ వయసుకు ముందే శిఖరానికి చేరి, గాయాలతో వెనక్కి వెళ్లిపోతున్నారు. నిషేధం మొదలైనప్పుడు పదిహేనేళ్లున్నవారికి సీనియర్ జీవితంలో అతి విలువైన కాలం దేశం లోపలే గడిచిపోయింది. నిషేధానికి కారణం ఎంత బలమైనదైనా, ఆ కాలం వారికి తిరిగి రాదు. వారి స్కేటింగ్‌ను కళ్లారా చూసి, ఇక్కడికి వచ్చి చెప్పేవారు ఒకరైనా ఉండాలన్న ఆమె కోరికను నేను గౌరవిస్తాను.

కజాన్‌లో వైద్యం చదువుతున్న బంధువు ఉన్నందువల్ల, వచ్చే సీజన్‌లో ఆ నగరానికి దశ దక్కితే ఆమె వెళ్తుంది. ఆమె తల్లిదండ్రులు నన్ను అడిగినప్పుడు నేను వద్దనలేదు. మన బ్యాంకులు ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థల చెల్లింపు కార్డులు 2022 నుంచి అక్కడ పనిచేయవు కాబట్టి ఖర్చుకు సరిపడా డాలర్లు నగదుగా తీసుకెళ్లి మార్చుకోవాలని చెప్పాను. హోటల్లో దిగితే నమోదు వారే చేస్తారు, బంధువుల ఇంట్లో ఉంటే ఏడు పనిదినాల్లోగా ఆ ఇంటివారు చేయించాలి. 2025 నవంబరులో కజాన్‌లో మన దేశ కాన్సులేట్ ప్రారంభమైంది కనుక దాని చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోవాలి. టికెట్లు కొనేటప్పుడు పోటీకి మాత్రమే కాకుండా, దొరికితే ఉదయపు ప్రాక్టీసుకు కూడా కొనమన్నాను. చలికి మందపాటి సాక్సులు విశాఖలో వెతుక్కోకుండా ఢిల్లీలో కొనుక్కోమన్నాను.